వేడెక్కిన బండి మళ్లీ స్టార్ట్ కాకుంటే బ్యాటరీ కొనే ముందు ఆర్పీఎం మీటర్ ముల్లు చూడండి

మీ సమస్య ఇదే కదా: పొద్దున మహబూబ్‌నగర్‌ల ఒక్క సెల్ఫ్‌కే అందుకునే పెట్రోల్ కారు, జడ్చర్ల పోయి చాయ్‌కి పావుగంట ఆపితే మళ్లీ స్టార్ట్ అయితలేదు. సెల్ఫ్ జోరుగనే తిరుగుతున్నది. మెకానిక్ బ్యాటరీ మార్చమన్నడు. దయచేసి ఇప్పుడే కొనకండి. నేను కొన్న. తర్వాత ప్లగ్గులు, ఆ తర్వాత ఫ్యూయల్ పంపు కూడా మార్పించిన. రోగం అట్లనే ఉండె.

మాది నల్లగొండ, 2012 మోడల్ చిన్న పెట్రోల్ కారు. మే నెలల అమ్మను చెరువుగట్టు జడల రామలింగేశ్వరస్వామి దర్శనానికి తీసుకపోయిన. దర్శనం చేసుకొని వచ్చి తాళం తిప్పితే ఎంతసేపు కొట్టినా అందుకోలే. నడి ఎండ. అమ్మ వేపచెట్టు కింద కొంగుతోటి విసురుకుంట కూసున్నది. 40 నిమిషాల తర్వాత, ఏమీ చెయ్యకుండనే స్టార్ట్ అయింది. తర్వాత మూడు నెలలు ఇదే గోస. షెడ్డుకు చేరేసరికి బండి చల్లబడి మంచిగ స్టార్ట్ అయ్యేది, 'ఏం లేదు సార్' అని పంపేటోళ్లు.

చివరికి నార్కట్‌పల్లి దగ్గర రోడ్డు మీదనే ఆగితే పక్క షెడ్డు పెద్దాయన వచ్చిండు. ముందుగాల బానెట్ లేపలే. నన్ను సెల్ఫ్ కొట్టమని, తను కిటికీలకెళ్లి ఆర్పీఎం ముల్లునే, అంటే ఇంజను ఎంత జోరుగ తిరుగుతున్నదో చూపేదాన్నే, చూసిండు. ఇంజను తిరుగుతున్నది, ముల్లు సున్నా మీద నుంచి కదలలే. తడిగుడ్డ తెచ్చి, ఇంజను తిరుగుడును కనిపెట్టే క్రాంక్ సెన్సర్ మీద కప్పిండు. ఐదు నిమిషాలకు సెల్ఫ్ కొడితే ముల్లు లేచింది, బండి అందుకున్నది. ఆ సెన్సర్ లోపల వెంట్రుక లాంటి రాగి తీగ చుట్ట ఉంటది. వేడికి సాగి తీగ ఎక్కడన్న తెగితే సిగ్నల్ పోతది, చల్లబడితే మళ్లీ కలుస్తది. సిగ్నల్ లేకుంటే స్పార్క్ ఎప్పుడియ్యాలె, పెట్రోల్ ఎప్పుడు కొట్టాలె అన్నది బండిలున్న కంప్యూటర్‌కు తెల్వదు. సెన్సర్, మజూరీ కలిపి నాకు 1,800 అయింది.

ఆపినంక పావుగంటకే ఎందుకు ఇట్ల అయితది అంటే, ఇంజను బందు కాంగనే నీళ్లు తిరుగుడు ఆగిపోతది, ఇంజనులున్న వేడంతా పైకొచ్చి బానెట్ కింద నిలుస్తది. నడిచేటప్పటికంటే అప్పుడే అక్కడి సామాన్లు ఎక్కువ కాలుతయి.

మీ బండిది కూడా సెన్సరే అని నేను అనను. మొండికేసిన ఆ నిమిషంలనే చూడాలె. కొన్ని బండ్లల్ల సెల్ఫ్ తిరిగేటప్పుడు ముల్లు మామూలుగనే లేవదు, అందుకే చల్లగున్నప్పుడు ఒకసారి చూసి పెట్టుకోండి. వేడి మీద ముల్లు లేస్తున్నా స్టార్ట్ కాకుంటే పెట్రోల్ వైపు చూడాలె. తాళం ఆన్ చేస్తే వెనక సీటు కింద పంపు రెండు సెకన్లు గుయ్యిమంటది. అది ఆగంగనే ఆఫ్ చేసి మళ్లీ ఆన్, ఇట్ల మూడుసార్లు చేసి సెల్ఫ్ కొట్టండి. అందుకుంటే లైన్ల ప్రెషర్ దిగిపోతున్నట్టు: పంపు లోపలి వాల్వ్ గానీ, ఇంజనులకు పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ కారుడు గానీ. పెట్రోల్ వాసన కొడితే యాక్సిలరేటర్ పూర్తిగ తొక్కి పట్టి కొట్టండి, చాలా బండ్లల్ల అప్పుడు ఇంజెక్టర్లు బందయితయి. దాంతో నల్లపొగ ఇడుస్తూ అందుకుంటే ఇంజెక్టర్ కారుతున్నది, లేదంటే ఇంజను నీళ్ల వేడి చూసే కూలెంట్ సెన్సర్ తప్పు చెప్తున్నది. వేడి ఇంజనును చల్లగున్నదని చెప్తే కంప్యూటర్ పెట్రోల్ కుమ్మరిస్తది. పొద్దున స్టార్ట్ చెయ్యకముందు మెకానిక్ బండికి తగిలించి చూసే స్కానర్ల కూలెంట్ వేడి, లోపలికొచ్చే గాలి వేడి ఇంచుమించు ఒక్కతీరు ఉండాలె.

బ్యాటరీ అనుమానం సెల్ఫ్ ఈడ్చుకుంట తిరిగితేనే. అప్పుడు కూడా ముందుగాల ఎర్త్ వైరు, టెర్మినళ్లు చూపించండి. వేడికి సెల్ఫ్ మోటరే బరువైతది కొన్నిసార్లు.

ఒక్కటి మాత్రం గట్టిగ చెప్తున్న. క్రాంక్ సెన్సర్ అయితే నడుస్తున్న బండి కూడా ఆగిపోవచ్చు. నాది ఆ రోజు లారీల నడుమ ఆగింది, స్టీరింగ్ రాయిలెక్క బిగుసుకున్నది. ఇది తేలే దాక ఇంటోళ్లను ఎక్కించుకొని 44వ నంబర్ హైవే ఎక్కకండి. వేడి మీద రేడియేటర్ మూత కూడా తియ్యకండి.

ఈసారి ఆగినప్పుడు ముల్లు లేచిందో లేదో ఇక్కడ రాయండి, దాన్ని బట్టి మిగతాది చూద్దం.