సమాధానం: వరల్డ్‌స్పేస్ రేడియో సెట్‌లో స్పందన (తెలుగు ఛానెల్) రావడం లేదు

బెంగళూరు ఇందిరానగర్‌లో మేడ మీద యాంటెన్నా ఎటు తిప్పినా నాన్నగారి సెట్ స్పందన పట్టడం లేదని రాశారు. యాంటెన్నా తప్పు కాదండీ, రిపేరుకి డబ్బు పెట్టకండి. వరల్డ్‌స్పేస్ ఎఫ్‌ఎం కాదు, ఏషియాస్టార్ ఉపగ్రహం నుంచి నేరుగా వచ్చే చందా రేడియో. 2008 అక్టోబరులో మాతృసంస్థ దివాలా పిటిషన్ వేసింది. 2009 డిసెంబర్ 31తో ఇండియాలో ప్రసారాలు ఆగిపోయాయి. తెలుగు స్పందన, కన్నడ స్పర్శ, హిందీ ఝంకార్ అన్నీ ఒకేసారి పోయాయి. వేరే నెట్‌వర్క్ చేతికి వెళ్లి ఉంటే పేరు మారినా పాటలు మిగిలేవి. నాకు ఇప్పటికీ బాధే.

మా ఇంట్లోనూ ఆ పలక లాంటి యాంటెన్నా తూర్పు కిటికీలో పెట్టి, సిగ్నల్ గీతలు పెరిగేదాకా అంగుళం అంగుళం జరిపేవాళ్లం.

సెట్‌ని మాత్రం పారేయకండి. వెనక ఆక్స్ ఇన్ (బయటి నుంచి పాటను సెట్‌లోకి తీసుకునే రంధ్రం) ఉందేమో చూడండి. హెడ్‌ఫోన్ రంధ్రం వేరు, అది పనికిరాదు. ఉంటే ఫోన్ నుంచి వైరు కలిపి, న్యూస్‌ఆన్‌ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి తెలుగు కేంద్రాలు పెట్టండి. ఆక్స్ లేకపోయినా ఎఫ్‌ఎం బ్యాండ్ ఉంటే 91.1 లాంటి స్థానిక స్టేషన్లు వస్తాయి, కానీ అక్కడ ఎక్కువగా కన్నడమే. నాన్నగారికి కావలసింది తెలుగు కాబట్టి ముందు యాప్ ప్రయత్నించండి.