ఇంటి ముందు వేప నాటితే పక్కింటాయన ఆపగలడా?

ప్రశ్న: మాది ఖమ్మంలో 150 గజాల ఇల్లు. గేటుకూ వరండాకూ మధ్య ఆరడుగుల జాగా ఉంది. వీధి వైపు గోడ దగ్గర వేప మొక్క నాటుదామని గుంత తవ్వించాను. పక్కింటాయన వచ్చి వేర్లు తన సంపులోకి దూరతాయనీ, ఆకులు తన వాకిట్లో రాలతాయనీ, నాటితే కోర్టు నుంచి స్టే తెస్తాననీ అన్నారు. పైన కరెంటు తీగలు కూడా ఉన్నాయి. మా తమ్ముడేమో "గొడవెందుకన్నా, గోడ బయట మోరీ పక్కన నాటెయ్" అంటున్నాడు. నాటడానికి మున్సిపాలిటీ పర్మిషన్ కావాలా? రేపు కొమ్మ విరిగి ఎవరి మీదైనా పడితే బాధ్యత నాదేనా?

జవాబు: చెట్టు గురించి నా దగ్గరికి వచ్చేవాళ్లంతా నరికేశాకో, నరకాలనో వస్తారు. నాటకముందే అడిగినందుకు సంతోషం. మీ సొంత స్థలంలో మొక్క నాటడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. పెరిగాక కొట్టేయాలంటేనే పర్మిషన్ కావాలి. చాలామందికి ఇది తలకిందులుగా తెలుసు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమలులో ఉంది. దాని ప్రకారం సొంత ఇంట్లోని చెట్టునైనా సరే అనుమతి లేకుండా కొట్టకూడదు. కొన్ని రకాలకు మినహాయింపు ఉంది కానీ, ఏ చెట్టుకు ఉందో అటవీశాఖ ఆఫీసులో అడిగి తెలుసుకోకుండా గొడ్డలి ఎత్తొద్దు. అందుకే మీ ఆరడుగుల జాగాలో ఏది నాటినా, పదిహేనేళ్ల తర్వాత దాన్ని తీసేయడం మీ చేతిలో ఉండదనుకునే నాటండి. మొక్కగా ఉన్నప్పుడు మీ ఇష్టం. మాను అయ్యాక ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే.

ఇక స్టే సంగతి. పక్కింటాయన కోర్టుకు వెళ్లొచ్చు, ఎవరూ ఆపలేరు. కానీ గుంత తవ్వారన్న ఒక్క కారణంతో ఇంజంక్షన్ ఆర్డర్ (పని ఆపమనే కోర్టు ఉత్తర్వు) తేవడం కష్టం. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోని సెక్షన్ 41(ఎఫ్) ప్రకారం, ఒక పని ఇబ్బందికరంగా మారుతుందని సహేతుకంగా స్పష్టం కానప్పుడు, ఆ ఇబ్బంది పేరుతో దాన్ని ఆపుతూ కోర్టు ఉత్తర్వు ఇవ్వకూడదు. మొలకెత్తని వేరు సంపును పగలగొడుతుందని ఈ రోజు ఆయన ఎలా రుజువు చేస్తారు? ఆకులు రాలడం మీద కేసు గెలిచినవాళ్లెవరూ నాకు తారసపడలేదు.

అలాగని ఆయన భయం ఉత్తదే అనను. పదేళ్లకు వేరు నిజంగానే సంపులోకి దూరి నీళ్లు కారితే అప్పుడు కేసు ఆయన వైపు బలంగా ఉంటుంది. నష్టపరిహారం అడగొచ్చు, వేర్లు తీయించమనీ కోరవచ్చు. సంపు మీ ఉమ్మడి గోడకు ఎంత దూరంలో ఉందో మీరు రాయలేదు. మూడు నాలుగడుగుల్లోనే ఉంటే ఒక క్లయింటుకు చెప్పినట్టే మీకూ చెప్తాను: అక్కడ వేప వద్దు. యాభై అడుగులు పెరిగే చెట్టుకు ఆరడుగుల జాగా ఏం సరిపోతుంది! దానిమ్మ, నందివర్ధనం, కరివేపాకు లాంటివైతే ఆయనకూ అభ్యంతరం ఉండకపోవచ్చు.

కొమ్మలు ఆయన వైపు వాలితే తన హద్దు వరకు కత్తిరించుకునే హక్కు ఆయనకు ఉంది. ఇంగ్లండ్‌లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టు) 1894లో లెమన్ వర్సెస్ వెబ్ కేసులో చెప్పిన ఈ సూత్రాన్నే మన కోర్టులూ పాటిస్తున్నాయి. "ఇరవై ఏళ్లుగా కొమ్మ అలాగే ఉంది, కాబట్టి నాకు హక్కు వచ్చేసింది" అనే వాదన నిలవదు. అయితే మీ కాంపౌండ్‌లోకి వచ్చి నరకడం, చెట్టు మొదలు దగ్గర యాసిడ్ పోయడం ఆ హక్కు కిందికి రావు. అలా చేస్తే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 324 కింద, ఆస్తికి నష్టం చేశారని ఫిర్యాదు చేయొచ్చు. కోసిన కొమ్మా, దాని మీది కాయా మీవే. వేపకాయల కోసం ఎవరూ కొట్టుకోరు గానీ, మామిడి చెట్ల దగ్గర ఈ తగాదాలు చూశాను.

మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది పక్కింటాయన కాదు, పైనున్న తీగలు. 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 68 ప్రకారం, చెట్టు లైనుకు అడ్డొస్తే, లేదా అడ్డొచ్చేలా ఉంటే, విద్యుత్ సంస్థ అర్జీ మీద ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ (తహసీల్దారు, ఆర్డీవో లాంటి అధికారి) దాన్ని తీయించవచ్చు. తీగలు వేయకముందు నుంచీ ఉన్న చెట్టయితే యజమానికి పరిహారం ఇవ్వాలి. తీగల కింద తర్వాత నాటిన చెట్టుకు ఆ హామీ లేదు. మీది రెండో రకం. ఏటా వానాకాలం ముందు లైన్‌మన్ వచ్చి తల నరికిపోతాడు, మీరు చూస్తూ ఉండాల్సిందే. వేపను అంత ఇష్టంగా పెంచుకుని ఏటా మోడుగా చూసుకోవడం ఎందుకు?

తమ్ముడి సలహా అసలు వినకండి. గోడ బయట మోరీ పక్కన ఉన్నది మీ జాగా కాదు, మున్సిపాలిటీది. అక్కడ నీళ్లు పోసి పెంచింది మీరే అయినా చెట్టు మీద మీకు హక్కు రాదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు దానికి పరిహారం కూడా అడగలేరు. అదే మీ హద్దు లోపలి చెట్టయితే, 2013 భూసేకరణ చట్టం కింద స్థలం తీసుకున్నప్పుడు చెట్టుకూ విలువ కట్టాలి. వీధిలో నీడ కావాలనుకుంటే వార్డు ఆఫీసుకు ఒక అర్జీ ఇవ్వండి. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించమంటోంది, మొక్క వాళ్లే నాటాలి.

కొమ్మ విరిగి పడడం గురించి సుప్రీంకోర్టు 1997లో రాజ్‌కోట్ మున్సిపల్ కార్పొరేషన్ కేసులో తీర్పు ఇచ్చింది. 1975లో ఆఫీసుకు నడిచి వెళ్తున్న ఉద్యోగి మీద రోడ్డు పక్కన చెట్టు కూలింది, ఆయన చనిపోయాడు. కుటుంబానికి హైకోర్టు పరిహారం ఇప్పించినా, సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. చెట్టు పాడైందని కార్పొరేషన్‌కు తెలిసే ఆధారం లేనప్పుడు నిర్లక్ష్యం అనలేమంది. ఇది మీకూ పనికొస్తుంది, కానీ రెండు వైపులా పదునున్న కత్తి. చెట్టు పుచ్చిందని, వంగిందని ఎవరైనా రాతపూర్వకంగా చెప్పాక కూడా మీరు ఊరుకుంటే "నాకు తెలియదు" అనే మాట చెల్లదు. కూలేలా ఉన్న చెట్టుకు ఆసరా కట్టమనో, తీసేయమనో ఆదేశించే అధికారం ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్‌కు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 152 ఇస్తోంది. ఇదివరకు సీఆర్‌పీసీలో (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో) సెక్షన్ 133 అదే.

పక్కింటాయన నోటీసు పంపిస్తే దాన్ని టెన్షన్ పడి చింపేయకండి. అందిన తేదీ కవరు మీద రాసి, గుంతకూ గోడకూ సంపుకూ మధ్య దూరం టేపుతో కొలిచి, ఫోటోలతో సహా తీసుకురండి.