ఆరోగ్య బీమా ఇల్లు వెతికిపెడుతుందా?

అమెరికాలో పేదవాళ్లకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికెయిడ్ ఇల్లు కూడా ఇప్పిస్తుందట, నిజమేనా అని అడిగారు. సగం నిజం. ఇల్లు కట్టివ్వదు, ఊరికే ఏళ్ల తరబడి అద్దె కట్టదు, మామూలుగా ఇంటి అద్దెకి మెడికెయిడ్ డబ్బు వాడకూడదనేదే కేంద్ర నిబంధన. కానీ కొన్ని రాష్ట్రాల్లో ఇల్లు దొరికేదాకా, దొరికాక నిలబెట్టుకునేదాకా పక్కన ఒక మనిషిని పెడుతుంది.

కాలిఫోర్నియానే తీసుకోండి, అక్కడ దీని పేరు మెడి-కాల్. 2022 జనవరిలో కాల్-ఎయిమ్ అనే మార్పులు తెచ్చి ఇలాంటి సేవల్ని అందులో కలిపారు. కారులోనో షెల్టర్‌లోనో పడుకునే షుగర్ పేషెంట్ ఉన్నాడనుకోండి, ఇన్సులిన్ పెట్టుకోడానికి ఫ్రిజ్ ఉండదు, ఉత్తరం రావడానికి అడ్రస్ ఉండదు, మాటిమాటికీ ఎమర్జెన్సీకే పరుగు. ఆ బిల్లుల కంటే ఇల్లు చూపించడమే చవక కదా! అందుకని ఒక వర్కర్ పోయిన ఐడీ కార్డు తీయించి, అప్లికేషన్లు నింపి, ఓనర్‌తో మాట్లాడతారు, అర్హత ఉంటే అడ్వాన్సు, కరెంటు కనెక్షన్ ఫీజు లాంటివి కూడా ఇస్తారు. చేరాక ఓనర్‌తో గొడవొస్తే సర్దిచెప్పడం కూడా వాళ్ల పనే. 2025 నుంచి కొందరికి ఆరు నెలల వరకు అద్దె కూడా మొదలైంది.

అసలు చిక్కు వేరే ఉంది, వర్కర్ ఎంత తిరిగినా ఖాళీ ఇల్లుండాలిగా, లాస్ ఏంజెలెస్‌లో తక్కువ అద్దెకి అది దొరకడమే గగనం.

అర్హత ఉన్నవాళ్లెవరైనా తెలిస్తే, మెడి-కాల్ హెల్త్ ప్లాన్ కార్డు మీద ఉన్న మెంబర్ సర్వీసెస్ నంబర్‌కి ఫోన్ చేసి 'కమ్యూనిటీ సపోర్ట్స్' (ఈ సేవల పేరు ఇదే) కావాలని అడగమనండి.