ఆఫ్రికా నాటకంలో ట్రాజెడీ గ్రీకుల నుంచి తెచ్చుకున్నదేనా?

ఆఫ్రికా వాళ్లకి సొంత విషాద నాటకం ఉందా, లేక గ్రీకుల్ని చూసి రాసుకున్నారా అని అడిగారు. రెండూ ఉన్నాయండీ. నైజీరియాలో నాటకకర్త ఓలా రోటిమి, తెలియక తండ్రిని చంపి తల్లిని పెళ్లాడిన గ్రీకు రాజు ఈడిపస్ కథని, అక్కడి యొరూబా జాతి రాజు ఒదేవాలే కథగా మలిచి, 1968లో ఆడించారు. సొంతది చూడాలంటే మాత్రం ఆ దేశపు రచయితే అయిన వోలే సోయింకా రాసిన 'డెత్ అండ్ ది కింగ్స్ హార్స్‌మన్' (1975) చదవండి. పీజీ పిల్లలకి ఏళ్ల తరబడి పాఠం చెబుతున్నా, నాకు తనివి తీరని నాటకం అది.

1940ల్లో నైజీరియాలోని ఓయో పట్టణంలో నిజంగా జరిగిన సంఘటనే దానికి ఆధారం. రాజు పోయాడు. ఆయన అశ్వాధిపతి ఎలేసిన్ అంత్యక్రియల రాత్రి తనంతట తాను ప్రాణం వదిలి రాజు వెంట వెళ్లాలి. బ్రిటిష్ జిల్లా అధికారి అడ్డుపడి అతన్ని నిర్బంధిస్తాడు.

ఇక్కడికి రాగానే క్లాసులో ఎవరో ఒకరు సతీసహగమనం ఎత్తుతారు. "ఆ అధికారి ప్రాణం కాపాడాడు కదా మేడమ్, తప్పేముంది?" అంటారు. అడగాల్సిన ప్రశ్నే, నేను కొట్టిపారెయ్యను. కానీ ఆచారం మంచిదా చెడ్డదా అని నాటకం తీర్పు చెప్పదు. రెండు సంస్కృతుల కొట్లాటగా దీన్ని ఆడొద్దని సోయింకా ముందుమాటలోనే హెచ్చరించారు. అధికారి కేవలం నిమిత్తమాత్రుడు.

అసలు గండి ఎలేసిన్ లోపలే పడింది. ఆఖరి రాత్రి సంతలో ఒక పిల్ల కంటపడితే పెళ్లాడతానంటాడు. ఆ పిల్ల సంత ఆడవాళ్లకి పెద్దయిన ఇయాలోజా కొడుక్కి నిశ్చయమైంది. అయినా, పోయేవాడి కోరిక కాదనకూడదని ఇయాలోజా ఒప్పుకుంటుంది. చివరి అంకంలో సంకెళ్లతో కూర్చుని అతను ఆ కొత్త పెళ్లికూతురితోనే మనసు విప్పుతాడు: తప్పు తెల్లవాడిదొక్కటే కాదు, ఈ లోకం మీది ఆశ తన కాళ్లకి బరువైందని. ఆ మాటలు చదివేటప్పుడు నా గొంతు ఇప్పటికీ పట్టేస్తుంది.

ఇంగ్లండులో డాక్టరీ చదువుతున్న కొడుకు ఒలుండే, తండ్రికి కర్మ చేద్దామని వచ్చి, తండ్రి చేయలేని పని తానే చేస్తాడు. ఇయాలోజా ఆ శవాన్ని మోయించుకొచ్చి చూపిస్తుంది. ఎలేసిన్ తన గొలుసుతోనే ఉరి బిగించుకుంటాడు, కానీ అప్పటికే వేళ మించిపోయింది.

యొరూబాల దృష్టిలో పోయినవాళ్లు, ఉన్నవాళ్లు, పుట్టబోయేవాళ్లు ఒకరితో ఒకరు ముడిపడి ఉంటారు. వీళ్ల మధ్య ఒక అగాధం ఉందని, దాన్ని మొదట దాటినవాడు ఇనుముకి దేవుడైన ఓగున్ అని, యొరూబా విషాదానికి మూలం ఆ దాటడంలోనే ఉందని సోయింకా 'ది ఫోర్త్ స్టేజ్' వ్యాసంలో అంటారు. అందుకే ఎలేసిన్ వెనక్కి తగ్గితే పరువు పోయేది అతనొక్కడికే కాదు. ఊరు ఊరంతా దారి తప్పిపోతుంది.

మొదటి అంకం మాత్రం పైకి చదవండి. ఎలేసిన్‌కీ, అతన్ని కీర్తించే గాయకుడికీ నడిచే సామెతల సంవాదం కళ్లతో చదివితే సగమే అందుతుంది.