ఏకాంతం కోరి వెళ్ళిన మేఘన్ తన గర్భశోకాన్ని పేపర్లో ఎందుకు రాసుకున్నారు?

ఈ ప్రశ్నలోనే చిన్న పొరపాటుంది. 2020 జనవరి 8న బ్రిటన్ రాకుమారుడు హ్యారీ, ఆయన భార్య మేఘన్ ఇచ్చిన ప్రకటనలో ‘మమ్మల్ని ఎవరూ పట్టించుకోవద్దు’ అన్న మాటే లేదు. రాచకుటుంబంలో ముఖ్య సభ్యుల హోదా నుంచి తప్పుకుంటాం, ఆర్థికంగా సొంత కాళ్ళమీద నిలబడతాం, కొన్నాళ్ళు బ్రిటన్‌లో, కొన్నాళ్ళు ఉత్తర అమెరికాలో ఉంటాం అన్నారు, అంతే. మార్చి 31తో రాచవిధులు ముగిశాయి. జూలైలో గర్భస్రావం, నవంబరులో న్యూయార్క్ టైమ్స్‌లో దాని గురించి ఆమే రాశారు.

అదే బాధ పడిన తల్లులు చాలామంది ‘మా మాటే చెప్పింది’ అనుకున్నారు. ‘సానుభూతి కోసమే’ అని తిట్టినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ కోపం అసలు జనవరిలో ఆ జంట రాచవిధులు వదులుకుంటామన్న నాటిదేనని నా అనుమానం. ఎందుకంటే 2018లో ఎలిజబెత్ రాణి మనవరాలు జారా టిండాల్ తన రెండు గర్భస్రావాల గురించి చెప్పినప్పుడు ఇంత రచ్చ జరగలేదు. జారాకు రాచ బిరుదూ లేదు, వదులుకోవడానికి రాచవిధులూ లేవు మరి!