వెనక డిఫరెన్షియల్‌కు లాకర్ బిగిస్తే బురదలో బండి ఆగకుండా ఉంటుందా?

జమ్మలమడుగు వైపు నల్లరేగడి పొలాలు, ఫోర్ వీల్ డ్రైవ్ బొలెరో క్యాంపర్. వాన పడితే ఫోర్ వీల్ వేసినా వెనక ఒక చక్రమే గిర్రున తిరుగుతోందని మీ ప్రశ్న.

లాకర్ తప్పకుండా పనికొస్తుంది. మామూలు డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని చక్రాలకు పంచే గేర్ల పెట్టె) రెండు చక్రాలకూ సమానంగానే బలం పంపుతుంది. బురదలో జారే చక్రానికి అందేది కొంచెమే కాబట్టి, గట్టినేల మీదున్న రెండోదానికీ అంతే. లాకర్ రెండు యాక్సిల్ షాఫ్ట్‌లనూ (చక్రాలను తిప్పే కడ్డీలు) కలిపేస్తుంది, పట్టున్న చక్రం బండిని లాగుతుంది. కానీ బండి అడుగే బురదలో కూర్చుంటే లాకర్ ఏమీ చేయలేదు. అందుకే ముందు మంచి మడ్ టైర్లు వేయించండి.

తనంతట తానే లాక్ అయ్యే ఆటోమేటిక్ లాకర్ కన్నా స్విచ్‌తో పనిచేసేదే నా సలహా. తడిసిన గువ్వలచెరువు ఘాట్ మలుపుల్లో ఆటోమేటిక్ లాకర్ బండి వెనకభాగాన్ని పక్కకు జార్చగలదు.

కొనేముందు యాక్సిల్ స్ప్లైన్లు (షాఫ్ట్ చివరి గాళ్లు) లెక్కపెట్టి, క్రౌన్ వీల్ (డిఫరెన్షియల్‌లోని పెద్ద గేరు) సైజు సరిచూడండి. లాకర్ బిగించేటప్పుడు అసలు పని క్రౌన్, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్ పళ్ల మధ్య సందు కుదర్చడం. డయల్ గేజ్ (సన్న సందులు కొలిచే పరికరం) పెట్టి, షిమ్‌లు (పలుచటి రేకు వాషర్లు) మార్చి మాన్యువల్‌లోని కొలతకు తేవాలి. పళ్లకు రంగు పూసి తిప్పితే అచ్చు పన్ను మధ్యలో పడాలి. సందు తక్కువైతే వేడెక్కి పళ్లు పాడవుతాయి, ఎక్కువైతే టక్కుమని కొట్టుకుంటాయి. చేత్తో కదిపి చూసి సరిపోయిందనే మెకానిక్‌కు దయచేసి ఈ పని ఇవ్వకండి.

తారురోడ్డు ఎక్కగానే లాక్ తీసేయండి, లేదంటే మలుపుల్లో టైర్లు అరుగుతాయి, షాఫ్ట్‌ల మీద భారం పడుతుంది.