తెరచాపలో చాప ఎందుకు?

సందేహం: గాలి సాయంతో నడిచే పడవను ‘తెరచాప పడవ’ అంటున్నాం. దానికి కట్టేది గుడ్డ కదా, చాప అనే మాట ఎలా వచ్చింది? ఈమధ్య కనిపిస్తున్న ‘నౌకాయాన పడవ’ అనే మాటను దానికి బదులు వాడవచ్చా?

సమాధానం: తెరచాపలోని చాప మనం నేల మీద పరుచుకునే చాపే. పూర్వం హిందూ మహాసముద్రంలో తిరిగిన నావల్లో అనేకం ఆకులతోను, పీచుతోను అల్లిన చాపలనే కొయ్యకు కట్టి గాలికి ఎత్తేవి. తరవాత గుడ్డ వచ్చి వస్తువు మారింది గాని పేరు నిలిచిపోయింది. ఇందుకు గట్టి సాక్ష్యం పొరుగు భాషల్లో ఉంది. తమిళంలో ‘పాయ్’ అంటే చాప, తెరచాప కూడా. దానిని ఎత్తి కట్టే కొయ్య ‘పాయ్‌మరం’, అంటే చాపమాను. మలయాళంలో తెరచాప ఓడ ‘పాయ్‌క్కప్పల్’. కన్నడంలో తెరచాప ‘హాయి’, తెరచాప పడవ ‘హాయిదోణి’. మన పాలు, పులి అక్కడ హాలు, హులి అయినట్టే పాయి హాయి అయింది. తమిళులు ఒక్క మాటతో సరిపెట్టుకున్నచోట మనవారు ముందు ‘తెర’ను చేర్చి, పరిచే చాపను, ఎత్తే చాపను చక్కగా వేరుచేశారు. తెరకు అల అనే అర్థం కూడా ఉన్నది కనుక ‘అలల మీది చాప’ అని విడదీయాలనిపించవచ్చు. కాని అడ్డుగా నిలిచి గాలిని పట్టేది గనుక అడ్డుతెర అనే అర్థమే నాకు సహజంగా తోస్తుంది. అమరకోశం ఆ కొయ్యను కూపకమనీ, గుణవృక్షకమనీ అంటుంది. గుణమంటే తాడు, సంస్కృతం తాళ్లను చూసి పేరు పెడితే, దక్షిణాది భాషలు చాపను చూసి పెట్టాయి.

‘నౌకాయాన పడవ’ను మాత్రం నేను ఒప్పుకోలేను. నౌకాయానమంటే ఓడ ప్రయాణం. ఇంజనుతో వెళ్లినా అది నౌకాయానమే. ఇంగ్లీషులో ‘సెయిల్’ అనే క్రియకు ఓడలో ప్రయాణించడమనే అర్థం కూడా ఉండడం వల్ల పుట్టిన పొరపాటిది. ఆ మాటలో గాలి లేదు, చాప లేదు. ఏటిలోను, కాలువలోను, చెరువులోను తిరిగే చిన్నదాన్ని తెరచాప పడవ అనీ, సముద్రం దాటే పెద్దదాన్ని తెరచాప ఓడ అనీ రాయండి. శాతవాహనుల నాణేల మీద రెండు కొయ్యలతో కనిపించేది ఓడ. హుస్సేన్‌సాగర్‌లో జరిగే సెయిలింగ్ పోటీలు తెరచాప పడవల పోటీలు. క్రియ కావలసినప్పుడు ‘తెరచాప ఎత్తారు’, ‘తెరచాప దించారు’ అంటే సరిపోతుంది.